కతోలిక ఆధ్యాత్మికతలో ముస్లిం స్నేహం: దమియెట్టా నుంచి తిబ్హిరిన్ దాకా

ముస్లిముల విషయంలో కతోలిక శ్రీసభ తన వైఖరిని అధికారికంగా మార్చుకున్నది 1965 అక్టోబరు 28న. రెండవ వాటికన్ మహాసభ ఆ రోజు వెలువరించిన ‘నోస్త్రా ఏతాతే’ ప్రకటనకు అనుకూలంగా 2,221 ఓట్లు, వ్యతిరేకంగా 88 ఓట్లు పడ్డాయి. అందులోని మూడో భాగం ముస్లిముల గురించి. ఒకే దేవుణ్ణి ఆరాధిస్తారని, అబ్రహాములాగా ఆయన చిత్తానికి తలవంచుతారని, యేసును దేవుడిగా ఒప్పుకోకపోయినా ప్రవక్తగా గౌరవిస్తారని, కన్య మరియమ్మను భక్తితో తలచుకుంటారని, ప్రార్థన, దానధర్మం, ఉపవాసం పాటిస్తారని ఆ భాగం చెప్పింది. గత శతాబ్దాల తగాదాలను మరచి ఒకరినొకరు అర్థం చేసుకోవడానికి పూనుకోమని ఇరువురినీ కోరింది.

నిండా పేజీ కూడా లేని ఆ భాగం వెనక ఏడు వందల యాభై ఏళ్ల చరిత్ర ఉంది. దాన్ని సిద్ధం చేసినవారిలో వేదాంత పండితుల వంతు తక్కువ. ఒక భిక్షువు, ఒక ఎడారి ఏకాంతవాసి, ఒక అరబ్బీ ఆచార్యుడు ముస్లిముల ఇళ్లలో అతిథులుగా గడిపి నేర్చుకున్నదే తరువాత సిద్ధాంతం అయింది. ముందు ఆచరణ, తరువాత పత్రం: ఈ వరస ప్రతి దశలోనూ కనిపిస్తుంది.

స్నేహానికి కతోలిక సంప్రదాయంలో మొదటి నుంచీ ఆధ్యాత్మిక గౌరవం ఉంది. పన్నెండో శతాబ్దపు ఇంగ్లండు మఠాధిపతి ఏల్రెడ్, స్నేహం దేవుడి దగ్గరికి చేర్చే మెట్టు అంటూ దానిమీదే ఒక గ్రంథం రాశాడు. తరువాతి శతాబ్దంలో థామస్ అక్వినాస్ దివ్యప్రేమను మనిషికీ దేవుడికీ మధ్య స్నేహంగా నిర్వచించాడు. అయితే ఏల్రెడ్ దృష్టిలో నిజమైన స్నేహం క్రీస్తులో మొదలై క్రీస్తులో ముగియాలి. క్రీస్తు దైవత్వాన్నే ఒప్పుకోని మనిషితో ఆ స్థాయి స్నేహం సాధ్యమా? ఈ ప్రశ్న అప్పట్లో ఎవరికీ తట్టలేదు. అది క్రూసేడుల కాలం మరి.

సుల్తాను గుడారంలో

1219లో ఐదవ క్రూసేడు సైన్యం నైలు నది ముఖద్వారంలోని దమియెట్టా పట్టణాన్ని ముట్టడించి ఉంది. ఆగస్టు 29న చేసిన దాడిలో క్రూసేడర్లు ఘోరంగా దెబ్బతిన్నారు. ఆ తరువాతి విరామంలో అస్సీసీ ఫ్రాన్సిస్, ఇల్యుమినాతో అనే సోదరుణ్ణి వెంటబెట్టుకుని, ఆయుధం లేకుండా ఈజిప్టు సుల్తాను అల్ మలిక్ అల్ కామిల్ శిబిరానికి నడిచి వెళ్ళాడు. లోపల వాళ్ళు ఏం మాట్లాడుకున్నారో వివరంగా రాసినవారు లేరు. అప్పుడు క్రూసేడు శిబిరంలో ఉన్న ఆక్రా పీఠాధిపతి జాక్ ద విట్రీ చెప్పిన ప్రకారం, సుల్తాను కొన్ని రోజులపాటు ఫ్రాన్సిస్ మాటలు శ్రద్ధగా విని, తనకోసం ప్రార్థించమని అడిగి, క్షేమంగా వెనక్కి పంపాడు. ఫ్రాన్సిస్ మంటల్లో నడుస్తానని సవాలు విసిరాడన్న కథను ప్రచారంలోకి తెచ్చింది దాదాపు నలభై ఏళ్ల తరువాత బోనవెంచర్ రాసిన జీవితచరిత్ర. చిత్రకారులకు ఆ మంటలే నచ్చాయి.

ఫ్రాన్సిస్‌ను ఈ కాలపు సర్వమత సభల వక్తగా చూపించడం చరిత్రకు న్యాయం చేయదు. సుల్తానును క్రైస్తవుణ్ణి చేయాలనే ఆయన వెళ్ళాడు, చావుకూ సిద్ధపడే వెళ్ళాడు. కానీ వెళ్ళినవాడు, వచ్చినవాడు ఒకడే కాదనడానికి ఆధారాలున్నాయి. 1221లో ఆయన తన సోదరుల కోసం రాసిన నియమావళి పదహారో అధ్యాయం, ముస్లిముల మధ్యకు వెళ్ళేవారికి రెండు దారులు చూపింది. మొదటిది: వాదాలకూ తగవులకూ దిగకుండా, దేవుడి కోసం ప్రతి మనిషికీ లోబడి ఉంటూ, తాము క్రైస్తవులమని మాత్రం దాచకుండా బతకడం. రెండోది: దేవుడికి ఇష్టమని తోచినప్పుడు వాక్యం ప్రకటించడం. ప్రకటన రెండో స్థానంలో ఉండటమే ఇక్కడ విశేషం. అంతకు ఏడాది ముందు, 1220 జనవరిలో, మొరాకోలో ఇస్లామును బహిరంగంగా ఖండించిన అయిదుగురు ఫ్రాన్సిస్కన్లు ప్రాణాలు కోల్పోయారు. ఆ పద్ధతికి పూర్తిగా భిన్నమైన దారిని గురువే కాగితం మీద పెట్టాడు. 1223లో పోపు ఆమోదం పొందిన నియమావళిలో మాత్రం ఈ రెండు దారుల వివరణ లేదు. వెళ్ళదలచినవారు పెద్దల అనుమతి తీసుకోవాలన్న షరతే మిగిలింది. ఆ అధ్యాయాన్ని శ్రీసభ మళ్ళీ పట్టించుకోవడానికి ఇరవయ్యో శతాబ్దం రావలసి వచ్చింది.

మరో జాడ ఉంది. ప్రజాపాలకులకు రాసిన లేఖలో ఫ్రాన్సిస్, ప్రతి సాయంత్రం చాటింపుతోనో మరో సంకేతంతోనో ప్రజలందరూ దేవుణ్ణి స్తుతించేలా చేయమని కోరాడు. ఈజిప్టులో రోజుకు అయిదుసార్లు విన్న అజాన్ ఆయన మనసులో నిలిచిపోయిందని చాలామంది పండితుల అభిప్రాయం. నిరూపించలేం గానీ తోసిపుచ్చడమూ కష్టమే.

వాదాల శతాబ్దాలు

ఆ తరువాతి అయిదారు వందల ఏళ్లలో స్నేహం కన్నా వాదమే ఎక్కువ నడిచింది. మజోర్కా ద్వీపవాసి రామోన్ యూయ్ అరబ్బీ నేర్చుకున్నాడు, ఒక అన్యుడూ ముగ్గురు జ్ఞానులూ మర్యాదగా చర్చించుకునే పుస్తకం రాశాడు. ముగింపులో ఎవరు గెలిచారో చెప్పకుండా వదిలేయడం ఆ కాలానికి సాహసమే. కాన్‌స్టాంటినోపుల్ పతనమైన 1453లోనే, క్రూసేడు కేకల మధ్య, కూసా నికొలాస్ మతాల మధ్య శాంతి గురించి గ్రంథం రాశాడు. ఇవి ఒంటరి గొంతులు.

మన దేశంలోనూ ఇదే కథ. 1580లో రుడాల్ఫ్ అక్వావివా, ఆంటోనియో మోన్సెర్రాతే, ఫ్రాన్సిస్ హెన్రిక్స్ అనే ముగ్గురు జెస్యూట్ గురువులు అక్బరు పిలుపు మీద ఫతేపూర్ సిక్రీ చేరారు. చక్రవర్తి వారిని ఆదరించాడు, ఉలేమాతో చర్చలకు కూర్చోబెట్టాడు. గురువులు వాటిని గెలవవలసిన పోటీగానే చూశారు. అక్బరు మతం మారడని తేలాక నిరాశపడ్డారు. 1595లో లాహోరు వచ్చిన మూడో బృందం నాయకుడు జెరోమ్ జేవియర్ కాస్త భిన్నంగా నడిచాడు. పారసీ నేర్చుకుని, అబ్దుస్ సత్తార్ అనే ముస్లిం పండితుడి సాయంతో యేసు జీవితాన్ని పారసీలో ‘మిరాత్ అల్ కుద్స్’ పేరుతో రాసి 1602లో అక్బరుకు సమర్పించాడు. ఒక క్రైస్తవుడూ ఒక ముస్లిమూ ఏళ్ల తరబడి పక్కపక్కనే కూర్చుని యేసు కథకు మాటలు వెతికారు. దర్బారు చర్చల కన్నా ఆ పనే గట్టిది.

పంతొమ్మిదో శతాబ్దంలో రంగం అల్జీరియాకు మారుతుంది. ఫ్రెంచి ఆక్రమణను ఎదిరించిన సూఫీ పండితుడు, అమీర్ అబ్దుల్ ఖాదిర్‌కూ, అల్జీర్సు మొదటి పీఠాధిపతి ద్యూపుష్‌కూ యుద్ధఖైదీల విడుదల విషయమై ఉత్తరాలతో పరిచయమైంది. తరువాత అమీరు ఫ్రాన్సులో బందీ అయినప్పుడు ద్యూపుష్ వెళ్ళి కలిశాడు, ఆయన విడుదల కోరుతూ పుస్తకం అచ్చువేశాడు. 1860 జులైలో డమాస్కసులో క్రైస్తవుల ఊచకోత మొదలైనప్పుడు, అక్కడ ప్రవాసంలో ఉన్న అబ్దుల్ ఖాదిర్ తన అనుచరులతో వీధుల్లోకి వెళ్ళి వేలమందిని కాపాడి తన ఇంట్లో ఆశ్రయమిచ్చాడు. అది తన మతం విధించిన ధర్మమేనని ఆయన వివరణ. ఈ స్నేహచరిత్రలో కతోలికులు ముందు పుచ్చుకున్నవారు, తరువాతే ఇచ్చినవారు అనడానికి ఇంతకన్నా స్పష్టమైన సాక్ష్యం అక్కరలేదు.

మేకపాలు తాగిన ఏకాంతవాసి

1858లో స్ట్రాస్‌బర్గులో పుట్టిన షార్ల్ ద ఫూకో యువకుడిగా విశ్వాసం పోగొట్టుకున్న సైనికాధికారి, ఖర్చుమనిషి. 1883-84లో, విదేశీ క్రైస్తవులకు ప్రవేశం దుర్లభమైన మొరాకోను యూదుడి వేషంలో చుట్టి వచ్చాడు. నిత్యం దేవుడి సన్నిధిలో ఉన్నట్టు బతికే ముస్లిములను చూశాక తన లోపల ఏదో కదిలిందని తరువాత ఒక మిత్రుడికి రాశాడు. 1886లో పారిస్‌లో తిరిగి కతోలిక విశ్వాసంలోకి వచ్చాడు. అంటే ఆయనను చర్చి గుమ్మం దాకా తీసుకొచ్చింది ఒక రకంగా ఇస్లామే.

ట్రాపిస్టు మఠం, నజరేతులో కన్యస్త్రీల మఠానికి పనివాడి బతుకు, 1901లో గురుపట్టాభిషేకం, ఆపైన సహారా: మొదట బెనీ అబ్బేస్, 1905 నుంచి హోగ్గార్ కొండల్లోని తమన్‌రాసెత్. తన చిన్న ఇంటిని ‘సోదర గృహం’ అని పిలిచాడు. క్రైస్తవులు, ముస్లిములు, యూదులు అందరూ తనను తమ సోదరుడిగా చూడాలన్నది కోరిక. అక్కడి తువారెగ్ తెగవారి భాషకు నిఘంటువు తయారుచేశాడు, వేల పంక్తుల కవిత్వం వాళ్ళ నోట విని రాసుకున్నాడు. తువారెగ్ నాయకుడు మూసా అగ్ అమస్తాన్‌తో సాన్నిహిత్యం పెరిగింది.

అయినా చాలాకాలం ఆయన ఇచ్చేవాడే. ధాన్యం, మందులు, సలహాలు ఇచ్చేవాడు. 1908 జనవరిలో అది తలకిందులైంది. వానలు లేక కరవు వచ్చింది. ఉన్నదంతా పంచిపెట్టిన ఫూకో సరైన తిండి లేక జబ్బుపడి మంచం పట్టాడు. ఒంటరిగా దివ్యబలిపూజ జరపడానికి అప్పటి నియమం ఒప్పుకోదు. పక్కన మరో క్రైస్తవుడు లేడు. కాబట్టి పూజ కూడా లేదు. కదిలితే ఊపిరాడని స్థితి. ఆ కరవులో చుట్టుపక్కల తువారెగ్‌లు ఎండిపోతున్న మేకల దగ్గర దొరికిన కాసిని పాలు వెతికి తెచ్చి తాగించారు. ఆయన బతికాడు. జీవితచరిత్రకారులు దీన్ని ఆయన రెండో మార్పుగా చెబుతారు. అప్పటినుంచి ఆయన రాతల్లో ఉపకారి గొంతు తగ్గి ఇరుగుపొరుగు గొంతు వినిపిస్తుంది.

ఫూకో మీద విమర్శ లేకపోలేదు. వలసపాలనను ఆయన ప్రశ్నించలేదు. దాని దుర్మార్గాలను తిట్టాడు గానీ ఫ్రాన్సు అక్కడ ఉండటం మంచిదేనని నమ్మాడు. సైనికాధికారులతో ఉత్తరప్రత్యుత్తరాలు సాగించాడు. తువారెగ్‌లు ఎప్పటికైనా క్రైస్తవులు కావాలన్న ఆశ వదలలేదు. 1916 డిసెంబరు 1న ఇంటిమీద పడిన సాయుధుల దాడిలో, కాపలా ఉన్న కుర్రవాడి తుపాకీ గుండుకు మరణించే నాటికి ఆయనకు ఒక్క అనుచరుడు లేడు. 1933లో రెనే వొయ్యోమ్ మొదలుపెట్టిన యేసు చిన్న సోదరులు, 1939లో అల్జీరియాలోని తుగ్గుర్త్‌లో మగ్దలెన్ ఉతాఁ స్థాపించిన యేసు చిన్న సోదరీమణులు ఆయన బాటను పట్టుకున్నారు. ఈ సోదరీమణులు మురికివాడల్లో, గుడారాల మధ్య ఇరుగుపొరుగులాగా బతకడమే వృత్తిగా పెట్టుకున్నారు. 2022 మే 15న పోపు ఫ్రాన్సిస్ ఫూకోను పునీతుడిగా ప్రకటించాడు. అదే వేడుకలో తిరువాన్కూరుకు చెందిన దేవసహాయం పిళ్ళై కూడా పునీతుడయ్యాడు.

మాసిన్యోన్, ‘బదలియా’

ఫూకోతో ఉత్తరాల స్నేహం ఉన్న లూయీ మాసిన్యోన్ (1883-1962) దారి పండితుడిది. 1908లో మెసపొటేమియాలో పురావస్తు పరిశోధనకు వెళ్ళి, గూఢచారి అన్న అనుమానంతో పట్టుబడి, తీవ్రమైన మానసిక సంక్షోభంలో దేవుడి సన్నిధిని అనుభవించానని చెప్పుకున్నాడు. ఆ గండంలో ఆయనకు అండగా నిలిచింది బగ్దాదులోని ఆలూసీ అనే ముస్లిం పండిత కుటుంబం. అతిథిని కాపాడటం వాళ్ళకు పవిత్ర కర్తవ్యం. జీవితాంతం మాసిన్యోన్ ఆలోచనకు ఆతిథ్యమే కేంద్రమైంది. 922లో బగ్దాదులో మరణశిక్ష పొందిన సూఫీ అల్ హల్లాజ్ మీద 1922లో ఆయన వెలువరించిన బృహద్గ్రంథం, ఇస్లాములోని అంతరంగ సాధనను యూరపు ముందుంచింది. సూఫీతత్వం బయటి అరువు సరుకు అన్న అప్పటి వాదాన్ని కాదని, అది ఖురాన్ పారాయణం నుంచే మొలకెత్తిందని చూపాడు.

1934లో ఆయన, ఈజిప్టు క్రైస్తవురాలు మేరీ కహీల్ కలిసి దమియెట్టాలో, ఫ్రాన్సిస్ అడుగుపెట్టిన చోటనే, ముస్లిముల కోసం తమ జీవితాలను అర్పిస్తున్నామని మొక్కుకున్నారు. ‘బదలియా’ అనే ప్రార్థన బృందం ఆ మొక్కు నుంచి వచ్చింది. మతం మార్చే ప్రయత్నం ఉండదు. ముస్లిం సోదరుల స్థానంలో నిలబడి వారి కోసం ఉపవాసముండి ప్రార్థించడం ఉంటుంది. ఈ ఆలోచనలో ఒక ఇబ్బంది ఉంది: అడగని మనిషికి బదులుగా నిలబడటం ఎంత ప్రేమతో చేసినా, అవతలివాడికి ఏదో కొరత ఉందన్న భావన అందులో మిగులుతుంది. మాసిన్యోన్ ఆచరణ మాత్రం సిద్ధాంతాన్ని దాటింది. గాంధీని 1931లో పారిస్‌లో కలిసి, ఆయన ఉపవాస పద్ధతిని తనదిగా చేసుకున్నాడు. అల్జీరియా యుద్ధంలో వలసపాలన హింసను ఎదిరించి దెబ్బలు తిన్నాడు. 1954 నుంచి బ్రిటనీ ప్రాంతంలోని వ్యూ మార్షే గ్రామంలో ఏడుగురు నిద్రితుల పేర జరిగే పాత యాత్రకు ముస్లిములను ఆహ్వానించాడు. గుహలో నిద్రించి లేచిన ఆ యువకుల కథ క్రైస్తవ పురాణాల్లోనూ, ఖురాన్ పద్దెనిమిదో సూరాలోనూ ఉంది. ఆ యాత్ర నేటికీ సాగుతోంది.

మహాసభలో ముస్లిముల మీద ప్రకటన రావడం ఒక రకంగా అనుకోని పరిణామం. పోపు 23వ జాన్ మొదట కోరింది యూదుల గురించి ప్రకటన. దాన్ని అరబ్బు దేశాల రాజకీయాల్లో ఎలా చదువుతారోనని భయపడిన తూర్పు దేశాల పీఠాధిపతులు, అలాగైతే ముస్లిముల గురించి కూడా చెప్పాలని పట్టుబట్టారు. అప్పుడు చెప్పడానికి మాటలు కావలసి వచ్చాయి. ఆ మాటలు మాసిన్యోన్ శిష్యులు, మిత్రులు, కైరోలోని డొమినికన్ పండితుడు జార్జ్ అనవాతీ లాంటివారి దగ్గర సిద్ధంగా ఉన్నాయి. ప్రకటనలో లేనివీ గమనించాలి. ముహమ్మద్ ప్రవక్త పేరు లేదు, ఖురాన్ మాట లేదు, హజ్ యాత్ర లేదు. వారి భక్తిని మెచ్చి, ఆ భక్తికి మూలమైన ప్రవక్త దగ్గర ఆగిపోయింది. ఆ మౌనం ఈనాటికీ అధికారికంగా వీడలేదు.

తిబ్హిరిన్

ఈ సంప్రదాయం మొత్తం ఒకచోట పరీక్షకు నిలిచింది అల్జీరియాలోని మెదియా దగ్గర, అట్లాస్ కొండల్లోని తిబ్హిరిన్ మఠంలో. 1938లో వెలసిన ఈ ట్రాపిస్టు మఠం అల్జీరియా స్వతంత్రమయ్యాక భూమిలో ఎక్కువ భాగం వదులుకుని, మిగిలినదాన్ని ఊరివాళ్ళతో కలిసి సాగుచేసింది. వైద్యుడైన బ్రదర్ లూక్ 1946 నుంచి రోగులను చూసేవాడు. ఊళ్ళో మసీదు లేకపోతే మఠం ప్రహరీలోనే ఒక గది నమాజుకు ఇచ్చారు. ఒకే ఆవరణలో గంట, అజాన్ వినిపించేవి.

మఠం పెద్ద క్రిస్టియన్ ద షెర్జేకు ముస్లిములతో బంధం అంతకు ముందే రక్తంతో ముడిపడింది. 1959లో ఆయన అల్జీరియాలో ఫ్రెంచి సైన్యంలో యువ అధికారి. మొహమ్మద్ అనే గ్రామ కాపలాదారు ఆయన స్నేహితుడు, పదిమంది పిల్లల తండ్రి, నిష్ఠగల ముస్లిం. ఒక ఘర్షణలో అతను అడ్డుపడి షెర్జే ప్రాణం కాపాడాడు. మరునాడు అతను తన బావి దగ్గర శవమై కనిపించాడు. స్నేహితుడి కోసం ప్రాణమివ్వడం గురించి సువార్తలో చదివినదాన్ని తనకు చేసి చూపినవాడు ఒక ముస్లిం అన్న ఎరుక షెర్జేను మళ్ళీ అల్జీరియాకు, మఠానికి రప్పించింది. 1975 సెప్టెంబరులో ఒక రాత్రి మఠం ప్రార్థనాలయంలో ఒంటరిగా ఉన్న ఆయన పక్కన ఒక ముస్లిం అతిథి వచ్చి కూర్చున్నాడు. ఇద్దరూ గంటల తరబడి, ఒకరి ప్రార్థనకు మరొకరు జత కలుపుతూ గడిపారు. 1979లో ఆయన, క్లోద్ రో అనే గురువు కలిసి ‘రిబాత్ ఎస్ సలామ్’ అనే శాంతి బృందం మొదలుపెట్టారు. మరుసటేడు మెదియాలోని అలవియా సూఫీలు అందులో చేరారు. వాళ్ళు పెట్టిన షరతు ఒక్కటే: సిద్ధాంత చర్చలు వద్దు, కలిసి దేవుడి ముందు కూర్చుందాం. ఏటా రెండుసార్లు కలిసేవారు. ఒక అంశం ఎంచుకుని ఆరు నెలలు ఎవరి గ్రంథంలో వారు ధ్యానించి, తిరిగి కలిసినప్పుడు ఫలం పంచుకునేవారు.

1992 నుంచి అల్జీరియా అంతర్యుద్ధంలో కూరుకుపోయింది. విదేశీయులు వెళ్ళిపోవాలని సాయుధ ముఠాలు హెచ్చరించాయి. 1993 డిసెంబరు 14న మఠానికి దగ్గరలో పనిచేస్తున్న 12 మంది క్రొయేషియా కార్మికులను చంపారు. పది రోజుల తరువాత, క్రిస్మస్ ముందు రాత్రి, వాళ్ళను చంపించిన సాయా అత్తియా తన మనుషులతో మఠానికి వచ్చాడు. వైద్యుణ్ణి, మందులను, డబ్బును ఇమ్మన్నాడు. ఇది శాంతి గృహమని, ఆయుధాలతో లోపలికి రాకూడదని షెర్జే బయట నిలబడే చెప్పాడు. వైద్యుడు ముసలివాడు, కొండల్లోకి రాలేడు. జబ్బుపడినవారు ఎవరైనా ఇక్కడికి వస్తే చూస్తాడు అన్నాడు. ఇది యేసు పుట్టిన రాత్రి అని కూడా చెప్పాడు. అత్తియా క్షమాపణ కోరి వెళ్ళిపోయాడు. ఆ తరువాత మఠవాసులు ఉండాలా వెళ్ళాలా అని పలుమార్లు చర్చించుకుని, ఓటు వేసుకుని ఉండటానికే నిశ్చయించారు. ఊరివాళ్ళకు వెళ్ళిపోవడానికి మరో దేశం లేదు. పొరుగువాడు కష్టంలో ఉండగా ఇల్లు ఖాళీ చేయడం స్నేహం కాదన్నది వారి తర్కం.

1996 మార్చి 26-27 రాత్రి ఏడుగురు మఠవాసులను అపహరించారు. మే 30న వారి తలలు దొరికాయి. చంపింది ఎవరు, ఏ పరిస్థితుల్లో అన్నది నేటికీ వివాదమే. షెర్జే ముందే రాసిపెట్టిన వీలునామా లాంటి లేఖలో తన మరణానికి ఇస్లామును గానీ అల్జీరియా ప్రజలను గానీ నిందించవద్దని కోరాడు. రాబోయే హంతకుణ్ణి మిత్రుడని సంబోధించాడు. ఈ లేఖ వల్ల తిబ్హిరిన్ ప్రపంచానికి తెలిసింది. మఠాన్ని అర్థం చేసుకోవాలంటే మాత్రం ఆ లేఖ కన్నా యాభై ఏళ్ల మందుల గది, ఉమ్మడి కూరగాయల మడి ఎక్కువ ఉపయోగపడతాయి.

అదే ఏడాది ఆగస్టు 1న ఒరాన్ పీఠాధిపతి పియర్ క్లావరీ తన ఇంటి గుమ్మంలో బాంబు పేలి మరణించాడు. అల్జీర్సులోని వలస కుటుంబంలో 1938లో పుట్టిన క్లావరీ, తన బాల్యమంతా అరబ్బుల మధ్యే గడిచినా ఒక్క అరబ్బునూ నిజంగా ఎరగనని ఒప్పుకున్నవాడు. కనబడని పొరుగువాణ్ణి వెతుక్కోవడమే తరువాతి ఆయన జీవితం. ఆయన షెర్జే కన్నా భిన్నమైన మనిషి: తేడాలను ప్రార్థనలో కరిగించే ప్రయత్నాల పట్ల అనుమానం, ఆడంబరమైన సంభాషణ సభల పట్ల అసహనం. ముందు మనం నిజంగా వేరని ఒప్పుకుందాం, తరువాత మాట్లాడుకుందాం అనేది ఆయన పద్ధతి. ఆయనతోపాటు ఆ పేలుడులో మరణించినవాడు కారు నడిపే యువకుడు మొహమ్మద్ బూషిఖీ. ప్రమాదం తెలిసే ఆయన వెంట ఉన్నాడు. 2018 డిసెంబరు 8న ఒరాన్‌లో క్లావరీని, తిబ్హిరిన్ ఏడుగురిని కలుపుకుని 19 మందిని శ్రీసభ ధన్యులుగా ప్రకటించింది. ముస్లిం అయిన బూషిఖీ ఆ జాబితాలో ఉండే వీలు లేదు. ఆ వేడుకల్లో హింసను వ్యతిరేకించి చనిపోయిన ఇమాములనూ తలచుకున్నారు.

పోపులు, ఇమాములు

పై స్థాయిలో సంగతులు ఎక్కువమందికి తెలిసినవే. 1964లో ఆరవ పౌలు క్రైస్తవేతరులతో సంబంధాలకు ప్రత్యేక కార్యాలయం పెట్టాడు. 1967 నుంచి రంజాన్‌కు వాటికన్ శుభాకాంక్షలు పంపుతోంది. రెండవ జాన్ పాల్ 1985లో కాసాబ్లాంకా మైదానంలో వేలాది ముస్లిం యువకులతో మాట్లాడాడు, 2001లో డమాస్కసు ఉమయ్యద్ మసీదులో అడుగుపెట్టాడు. 2006లో 16వ బెనెడిక్ట్ రేగెన్స్‌బర్గు ప్రసంగంలో ఇస్లామును కించపరిచే మధ్యయుగపు వాక్యాన్ని ఉటంకించి పెద్ద దుమారం రేపాడు. దాని ఫలితం ఊహించనిది: 2007 అక్టోబరులో 138 మంది ముస్లిం పండితులు, దైవప్రేమ, పొరుగువాడి ప్రేమ ఇరువురికీ ఉమ్మడి పునాది అంటూ క్రైస్తవ నాయకులకు బహిరంగ లేఖ రాశారు. 2008లో రోమ్‌లో కతోలిక-ముస్లిం వేదిక సమావేశమైంది. ఒక పొరపాటు తెచ్చిన సంభాషణ, ఎన్నో శుభాకాంక్షల కన్నా లోతుగా నడిచింది.

2019 ఫిబ్రవరి 4న అబూధాబీలో పోపు ఫ్రాన్సిస్, అల్ అజ్‌హర్ మహా ఇమాము అహ్మద్ అల్ తయ్యిబ్ మానవ సౌభ్రాతృత్వ పత్రం మీద సంతకాలు చేశారు. మరుసటేడు వచ్చిన ‘ఫ్రతెల్లీ తుత్తీ’ విశ్వలేఖ సుల్తానును కలిసిన ఫ్రాన్సిస్‌తో మొదలై ఫూకోతో ముగుస్తుంది. తనను ప్రోత్సహించినవారిలో అల్ తయ్యిబ్ ఒకరని పోపు అందులోనే రాశాడు. ఒక పోపు విశ్వలేఖకు ముస్లిం మత పెద్ద ప్రేరణ కావడం అసాధారణం. మతాల వైవిధ్యం దేవుడి సంకల్పమన్న అబూధాబీ వాక్యం మీద కతోలికుల్లోనే కొందరు పీఠాధిపతులు అభ్యంతరం చెప్పారు. అది దేవుడు అనుమతించే సంకల్పం అన్న వివరణతో గొడవ సద్దుమణిగింది, తేలలేదు.

ముస్లిముల వైపు కూడా ఏకాభిప్రాయం లేదు. విశ్వాసులకు ప్రేమలో దగ్గరివారు క్రైస్తవులని, వారిలో గర్వంలేని సన్యాసులున్నారని ఖురాన్ అయిదో సూరా చెబుతుంది. యూదులను, క్రైస్తవులను అండగా చేసుకోవద్దని అదే సూరా మరోచోట అంటుంది. రెండో మాట యుద్ధకాలపు రాజకీయ పొత్తులకే వర్తిస్తుందని స్నేహాన్ని సమర్థించే పండితులు వ్యాఖ్యానిస్తారు, అందరూ ఒప్పుకోరు. తొలి ముస్లిములకు ఆశ్రయమిచ్చిన అబిసీనియా క్రైస్తవ రాజు కథ, మదీనా మసీదులో ప్రార్థన చేసుకోవడానికి నజ్రాన్ క్రైస్తవులకు ప్రవక్త అనుమతి ఇచ్చిన కథ వారి సంప్రదాయంలో ఆదర్శాలు.

పండితులు కుస్తీపడుతుండగా సామాన్యులు మరియమ్మ దగ్గర కలుస్తూనే ఉన్నారు. ఖురాన్‌లో ఒక సూరా పేరే మర్యమ్. ఎఫెసు దగ్గరి మరియమ్మ ఇంటికి తుర్కీ ముస్లిములు వస్తారు. అల్జీర్సులోని ఆఫ్రికా మాత బసిలికా గోడ మీద మాకోసం, ముస్లిముల కోసం ప్రార్థించమని మరియమ్మను వేడుకునే పంక్తి చెక్కి ఉంది. లెబనాన్ 2010 నుంచి మార్చి 25న మంగళవార్త పండుగను రెండు మతాల ఉమ్మడి సెలవుగా జరుపుకుంటోంది. తమిళనాట వేళాంగణికి, మన విజయవాడలో ప్రతి ఫిబ్రవరి జరిగే గుణదల ఉత్సవానికి మతం చూసుకోకుండా జనం వెళతారు. ఇక్కడి భక్తికి సిద్ధాంతం అక్కరలేదు. దానివల్ల వచ్చే చిక్కు ఏమిటంటే, ఊళ్ళో గొడవ లేచిన రోజున ఈ భక్తి ఎంతవరకు నిలుస్తుందో ఎవరూ పూచీ ఇవ్వలేరు.

భారతదేశంలో ఈ దారిని పుస్తకంగా మార్చినవారిలో జెస్యూట్ గురువు పాల్ జాక్సన్ ముఖ్యుడు. ఆస్ట్రేలియా నుంచి బిహారు వచ్చి, పద్నాలుగో శతాబ్దపు సూఫీ షరఫుద్దీన్ మనేరీ రాసిన వంద లేఖలను పారసీ నుంచి ఇంగ్లిషులోకి తెచ్చాడు. హైదరాబాదులోని హెన్రీ మార్టిన్ సంస్థ కతోలికులది కాదు, ప్రొటెస్టంట్ మూలాలది. అయినా చెప్పుకోక తప్పదు. ముస్లిముల మధ్య సువార్త సేవకు కార్యకర్తలను తయారుచేయడానికి 1930లో లాహోరులో మొదలై, 1971లో హైదరాబాదు చేరి, క్రమంగా మతాల మధ్య సయోధ్యకు, పాతబస్తీలో శాంతి పనికి మళ్ళింది. బోధించడానికి వెళ్ళి పొరుగువాళ్ళుగా మిగిలినవారి కథే ఇదీ.

తేలని సంగతులు

సువార్త ప్రకటనకూ స్నేహానికీ పొంతన ఎలా అన్నది మొదటి చిక్కు. 1991 నాటి వాటికన్ పత్రం రెండూ శ్రీసభ కర్తవ్యాలేనని, ఒకటి మరొకదానికి సాధనం కాకూడదని అంది. ఆచరణలో ఆ గీత ఎక్కడ గీయాలో ఫూకో జీవితమే సందిగ్ధంగా వదిలింది. స్నేహితుడి మతమార్పిడిని కోరుకోవడం ప్రేమా, నమ్మకద్రోహమా అన్న ప్రశ్న ముస్లిం మిత్రులకూ అంతే వర్తిస్తుంది, ఎందుకంటే దావా, అంటే ఇస్లాములోకి ఆహ్వానించడం, వారికీ కర్తవ్యమే.

కలిసి ప్రార్థించడం రెండో చిక్కు. 1986 అక్టోబరు 27న అస్సీసీలో మత నాయకులు ఒకేచోట చేరినా, ఎవరి ప్రార్థన వారు విడిగా చేశారు. అంతకన్నా ముందుకు వెళ్ళడానికి రోమ్ ఇష్టపడలేదు. తిబ్హిరిన్ ఆ గీత దాటింది.

మూడోది సమానత. మసీదు కట్టుకునే హక్కు రోమ్‌లో ఉంది, చర్చి కట్టుకునే హక్కు సౌదీ అరేబియాలో లేదు. పాకిస్తానులో దైవదూషణ చట్టాన్ని ప్రశ్నించినందుకు 2011లో రెండు నెలల తేడాతో ముస్లిం గవర్నరు సల్మాన్ తాసీర్, కతోలిక మంత్రి షాబాజ్ భట్టీ హత్యకు గురయ్యారు. సిరియాలో మార్ మూసా మఠాన్ని ముస్లిముల స్నేహానికే అంకితం చేసిన పావొలో దల్లోలియో 2013 జులైలో రక్కాలో అపహరణకు గురై మళ్ళీ కనిపించలేదు. హక్కులు రాబట్టుకున్నాకే స్నేహం అనేవారు, స్నేహం లేకుండా హక్కులు రావనేవారు కతోలికుల్లో ఇరువురూ ఉన్నారు.

నాలుగోది ఇల్లు. ఇక్కడ పేర్కొన్న స్నేహితుల్లో అత్యధికులు పెళ్ళి లేని మఠవాసులు, గురువులు. సామాన్య కతోలికుడికి ఈ ప్రశ్న ఎదురయ్యేది సూఫీ ధ్యానంలో కాదు, పెళ్ళి సంబంధంలో. ముస్లిమును పెళ్ళాడాలంటే కతోలికుడు పీఠాధిపతి దగ్గర ప్రత్యేక మినహాయింపు తీసుకోవాలి, పిల్లలకు జ్ఞానస్నానం ఇప్పించడానికి శక్తిమేరకు ప్రయత్నిస్తానని మాట ఇవ్వాలి. సంప్రదాయ ఇస్లాం ధర్మశాస్త్రం క్రైస్తవ యువతిని ముస్లిం యువకుడు చేసుకోవడానికి ఒప్పుకుంటుంది, ముస్లిం యువతిని క్రైస్తవుడు చేసుకోవడానికి ఒప్పుకోదు. పిల్లలు తండ్రి మతం వారే. అందుకే మన దేశంలో ఇలాంటి జంటలు చాలావరకు 1954 నాటి ప్రత్యేక వివాహ చట్టం కింద రిజిస్ట్రారు ఆఫీసులో తేల్చుకుంటారు. ఒకే ఇంట్లో నమాజు, జపమాల రెండూ నడుపుకునే ఈ దంపతుల అనుభవం గురించి కతోలిక ఆధ్యాత్మిక సాహిత్యం చెప్పింది, ఎడారి సన్యాసుల గురించి చెప్పినదానితో పోలిస్తే, చాలా తక్కువ.